సాటివాళ్ల కోసం ప్రాణమిచ్చిన సైనికుడి గురించి పది నిమిషాలు మాట్లాడాలంటే

పల్నాడులోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్లు సోషల్ చెప్పాను. వీరజవాన్ల సంస్మరణ సభ వచ్చిందంటే ఉపన్యాసం రాసే పని నాదే. మొదటి ఏడాది రాసిన కాగితాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. రెండు పేజీలు. అసమాన ధైర్యం, నిరుపమాన త్యాగం, భరతమాత ముద్దుబిడ్డ, రక్తతర్పణం... ఇలాంటివి పేజీ నిండా ఉన్నాయి. ఆ మనిషి ఏం చేశాడో చెప్పే వాక్యం మాత్రం ఒక్కటే: "శత్రువులతో వీరోచితంగా పోరాడి నేలకొరిగాడు."

ఆ రోజు పక్క ఊరి నుంచి, సైన్యంలో పదవీ విరమణ చేసిన ఒక సుబేదార్ గారిని అతిథిగా పిలిచాం. సభ ముగిశాక స్టాఫ్ రూములో టీ తాగుతూ ఆయన అడిగారు: "అమ్మా, మీరు చెప్పిన ఆ జవాను ఎదుర్కొన్న మెషిన్ గన్ ఎక్కడుంది? ఆయన ఎక్కడున్నాడు? ఆయన వెనకాల ఎవరున్నారు?" మూడింటిలో ఒక్కదానికీ నేను జవాబు చెప్పలేకపోయాను. "అవి తెలియకపోతే ఆయన అసలు ఎందుకు లేచి ముందుకు వెళ్లాడో పిల్లలకు ఎలా తెలుస్తుందమ్మా?" అన్నారాయన.

ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఆ మూడు ప్రశ్నలతోనే పని మొదలుపెట్టాను. ఆగస్టు 15కో, జనవరి 26కో, కార్గిల్ విజయ్ దివస్ జరిపే జులై 26కో ఉపన్యాసం రాసే బాధ్యత మీ మీద పడితే, నేను నేర్చుకున్నది మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఒక్క మనిషి, ఒక్క పోరాటం

పరమవీర చక్ర ఇప్పటికి 21 మందికి వచ్చింది. వారిలో 14 మందికి మరణానంతరం ఇచ్చారు. పది నిమిషాల్లో ఇరవై ఒక్క పేర్లూ చదివితే అది హాజరుపట్టీ అవుతుంది. ఒక్కరిని ఎంచుకోండి. ఆయన జీవితమంతా కూడా అక్కర్లేదు. పుట్టిన ఊరు ఒక వాక్యం, సైన్యంలో చేరడం ఒక వాక్యం. మిగిలిన సమయమంతా ఆ ఒక్క పోరాటానికే ఇవ్వండి.

ఎవరిని ఎంచుకోవాలని అడిగితే, అందరికీ తెలిసిన పేరునే మళ్లీ తీసుకోవద్దంటాను. మన వాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌లో పుట్టిన మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న కార్గిల్ కొండల్లో 2 రాజపుతానా రైఫిల్స్ దళాన్ని నడిపిస్తూ మరణించారు. ఆయనకు మహావీర చక్ర వచ్చింది. సూర్యాపేట వాసి కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ అధికారిగా 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణాలిచ్చారు. ఆయనకూ మహావీర చక్రే. గ్రేహౌండ్స్ అధికారి కె. ప్రసాద్ బాబు 2013లో ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల్లో, తోటి కమాండోలు బయటపడేలా తాను వెనుక ఉండిపోయారు. ఆయనకు మరణానంతరం అశోక చక్ర ఇచ్చారు.

పతకాల పేర్ల దగ్గర ఉపన్యాసాలు తరచుగా తప్పుతాయి. శత్రు సైన్యం ఎదుట చూపిన సాహసానికి ఇచ్చేవి పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర. అలాంటి యుద్ధరంగం కానిచోట చూపిన సాహసానికి ఇచ్చేవి అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర. వీర చక్ర వచ్చినాయనకు పరమవీర చక్ర వచ్చిందని చెబితే ఆయన గౌరవం పెరగదు. ఆయనకు నిజంగా వచ్చినదాన్ని మనం చిన్నబుచ్చినట్టవుతుంది.

నేను ఎక్కువసార్లు చెప్పింది లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా కథ. ఇప్పటి జార్ఖండ్‌లోని గుమ్లా ప్రాంతపు ఆదివాసీ కుటుంబం ఆయనది. 14 గార్డ్స్ బెటాలియన్‌లో ఉండేవారు. 1971 డిసెంబరు 3న, అగర్తలాకు పడమటగా అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో ఉన్న గంగాసాగర్ దగ్గర జరిగిన దాడిలో మరణించారు. ఆ యుద్ధంలో నలుగురికి పరమవీర చక్ర వస్తే, తూర్పు రంగంలో పోరాడినవారిలో దాన్ని అందుకున్నది ఈయనొక్కరే. అయినా మా పిల్లల్లో ఒక్కరికీ ఆయన పేరు తెలియదు. అందుకే ఎంచుకున్నాను.

ప్రశంసాపత్రంలో క్రియలు వెతకండి

ప్రతి సాహస పతకానికీ ప్రభుత్వం ఒక ప్రశంసాపత్రం రాస్తుంది. అది గెజిట్‌లో వస్తుంది. రక్షణ శాఖ సాహస పురస్కారాల వెబ్‌సైట్‌లో పేరుతో వెతికితే దొరుకుతుంది. వాట్సాప్‌లో తిరిగే కథల దగ్గర కాకుండా అక్కడ మొదలుపెట్టండి. ఆ పత్రం ఇంగ్లీషులో, ఆఫీసు భాషలో ఉంటుంది. బెదిరిపోకండి, అది పొట్టి పత్రమే. మూడుసార్లు చదవండి.

మూడోసారి చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకోండి. "తన క్షేమాన్ని లెక్కచేయకుండా", "అత్యున్నత సంప్రదాయాలకు అనుగుణంగా" వంటి మాటలు దాదాపు ప్రతి పత్రంలోనూ ఉంటాయి. అవి అబద్ధాలు కావు, కానీ ఎవరికైనా సరిపోతాయి. వాటిని వదిలేసి, ఆ మనిషి శరీరంతో చేసిన పనుల కింద గీత గీయండి. ఎక్కా పత్రంలో నాకు దొరికినవి ఇవి: చూశాడు, దూసుకెళ్లాడు, పొడిచాడు, గాయపడ్డాడు, నడిచాడు, పాకాడు, విసిరాడు, ఎక్కాడు, దూరాడు.

మొత్తం తొమ్మిది క్రియలు. నా పది నిమిషాలకు అవి చాలు.

వాటిని కలిపితే జరిగింది ఇది. ఎక్కా ఉన్నది దాడిలో ఎడమవైపు ముందు నడిచే కంపెనీ, అంటే బెటాలియన్‌లో ఒక దళం. పైనుంచి ఫిరంగి గుండ్లు, ఎదురుగా తూటాలు. ఒక బంకర్‌లోని తేలికపాటి మెషిన్ గన్ తమవాళ్లను పడగొడుతోందని ఆయన చూశాడు. దాని మీదికి దూసుకెళ్లి, తుపాకీ కొనకు బిగించిన కత్తితో ఇద్దరిని పొడిచి, ఆ గన్ నోరు మూయించాడు. అక్కడే తీవ్రంగా గాయపడ్డాడు. ఆ గాయంతోనే, ఒక మైలు లోతున పరచుకుని ఉన్న శత్రు స్థావరం గుండా, తోటివాళ్లతో కలిసి ఒక్కొక్క బంకర్‌నూ ఖాళీ చేయిస్తూ వెళ్లాడు. ఉత్తరపు కొసన ఒక గట్టి భవనం, దాని రెండో అంతస్తులో మీడియం మెషిన్ గన్. అది మొదలుకాగానే మళ్లీ మనుషులు పడిపోయారు, దాడి నిలిచిపోయింది. ఎక్కా నేల మీద పాకుతూ ఆ భవనం దాకా వెళ్లి లోపలికి గ్రెనేడ్ విసిరాడు. లోపల ఒకడు చనిపోయాడు, ఇంకొకడు గాయపడ్డాడు. గన్ మాత్రం ఆగలేదు. అప్పుడు పక్కగోడ ఎక్కి, లోపలికి దూరి, దాని వెనకున్నవాణ్ని కత్తితో పొడిచి ఆపాడు. స్థావరం చేతికి వచ్చాక, ఆ గాయాలతో ప్రాణం విడిచాడు.

ఇందులో "వీరోచితంగా" అనే మాట లేదని గమనించండి. నేను ఎన్నిసార్లు చదివినా "గన్ మాత్రం ఆగలేదు" అన్న వాక్యం దగ్గర పిల్లలు కదలకుండా కూర్చునేవారు.

నేల మీద గీసి చూపించండి, వీలైతే నడిపించండి

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది ఇదే. సుబేదార్ గారి మూడు ప్రశ్నలకూ జవాబు ఇక్కడే దొరుకుతుంది.

సభకు ముందు రోజు మైదానంలో సున్నంతో బొమ్మ గీయించేదాన్ని. మనవాళ్లు ఇటు, మొదటి బంకర్ ఇక్కడ, భవనం అక్కడ, ఉత్తరం ఎటు. బొమ్మ అచ్చం అలాగే ఉండాలని కాదు. పత్రంలో ఉన్న నాలుగు గుర్తులు ఒకదానికొకటి ఎటు ఉన్నాయో తెలిస్తే చాలు. పత్రంలో లేనిది గీయకండి. అక్కడ చెట్టుందో లేదో తెలియనప్పుడు చెట్టు వద్దు.

ఒక ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలు "మైలు అంటే ఎంత, టీచర్?" అని అడిగారు. కిలోమీటరున్నర పైన, 1.6 అని చెప్పాను. ముఖాలు చూస్తే వాళ్లకు అందలేదని తెలిసింది. సాయంత్రం బడి గేటు దగ్గర నుంచి ఊరి చెరువు కట్ట దాకా నడిపించాను. సరిగ్గా అంత దూరం. కట్ట మీద పాడుబడిన ఒక డాబా ఉంది, పైన ఒక గది.

గేటు దగ్గరే ఆపి చెప్పాను: "మొదటి బంకర్ ఇదే. ఎక్కాకు గాయం తగిలింది ఇక్కడే. ఇక నడవండి." పుస్తకాల సంచులు వీపున ఉన్నాయి. సగం దూరం వెళ్లేసరికి కబుర్లు తగ్గాయి. రామాలయం దాటాక ఒక పిల్లవాడు వెనక్కి తిరిగి గేటు వైపు చూసి, "టీచర్, ఆయన అక్కడే ఆగిపోయి ఉండొచ్చు కదా?" అన్నాడు. ఆగిపోవచ్చు. గాయపడినవాడు ఆగితే ఎవరూ తప్పుపట్టరు. ఆయన ఆగలేదు.

డాబా కనపడగానే నలుగురిని గడ్డిలో మోచేతుల మీద పాకమన్నాను. ఇరవై అడుగులు కూడా పోలేదు, ఒకమ్మాయి "లేచి పరిగెత్తితే త్వరగా వెళ్లొచ్చు కదా" అంది. పక్కన పాకుతున్నమ్మాయి తలెత్తకుండానే జవాబిచ్చింది: "లేస్తే పైన ఉన్నవాడికి కనపడతాం." ఆ తర్వాత నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

నడిపించే వీలు లేకపోతే దూరాన్ని పిల్లలు రోజూ చూసే దూరంతో చెప్పండి. యాభై గజాలంటే మన ప్రార్థన మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు అని చూపించండి. 1947 నవంబరు 3న కశ్మీర్‌లోని బడ్గామ్‌లో మేజర్ సోమనాథ్ శర్మ పంపిన చివరి వైర్‌లెస్ సందేశంలో, శత్రువు తమకు యాభై గజాల దూరంలోనే ఉన్నాడన్న మాట ఉంది. ఆ మైదానాన్ని చూస్తూ ఆ మాట వింటే పిల్లలకు వెంటనే తెలుస్తుంది. ఆయన ఎడమచేతికి కట్టు ఉండేది, అంతకుముందు హాకీ ఆడుతూ దెబ్బ తగిలింది. ఆ కట్టుచేత్తోనే మెషిన్ గన్ పట్టుకున్నవాళ్లకు తూటాలు నింపి అందిస్తూ ఉండగా మోర్టార్ గుండు పడింది. స్వతంత్ర భారతంలో మొదటి పరమవీర చక్ర ఆయనదే. ఇలాంటి కట్టు ఒక్కటి దొరికితే చాలు, మనిషి కళ్ల ముందుకు వస్తాడు.

పేరు, హోదా

మన తెలుగు బడుల్లో ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటి ఉంది. "లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా" అనగానే, నాయక్ అన్నది ఇంటిపేరో తెగ పేరో అని పిల్లలు అనుకుంటారు. మా బడిలో తండాల నుంచి వచ్చే పిల్లల్లో నాయక్‌లు చాలామంది. ఒకడు "ఆయన మావాడా టీచర్?" అని ఆశగా అడిగాడు. నాయక్, లాన్స్ నాయక్, హవల్దార్, నాయబ్ సుబేదార్, సుబేదార్ అన్నవి సైన్యంలో హోదాలని ఒక వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లండి. నాయబ్ సుబేదార్‌నూ సుబేదార్‌నూ ఒకటి చేయకండి. ఆ తేడా వెనుక ఏళ్ల నౌకరీ ఉంటుంది.

రెజిమెంటు పేరు, దాని ముందున్న అంకె రెండూ రాసుకోండి. ఒకే పేరున్న సైనికులు ఉంటారు. కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ మీద పోరాడిన 18 గ్రెనేడియర్స్ సైనికుడు యోగేంద్ర సింగ్ యాదవ్‌కు పరమవీర చక్రను మొదట మరణానంతరం అని ప్రకటించారు. అప్పటికి ఆయన ఆసుపత్రిలో కోలుకుంటున్నారు. చనిపోయింది అదే పేరున్న మరో సైనికుడు. పందొమ్మిదేళ్ల కుర్రవాడు బతికి ఉండగా ఆ వార్త విన్న ఇంటిని తలచుకోండి. అదే పేరుతో నిజంగా చనిపోయిన ఆ మరో సైనికుడి ఇంట్లో జరిగింది కూడా తలచుకోండి. పేరును రెండుసార్లు సరిచూసుకోవడం ఎందుకో అప్పుడు వేరే చెప్పనక్కర్లేదు.

ఆయన వెనకాల ఉన్నవాళ్లు

సుబేదార్ గారి మూడో ప్రశ్నను అందరం వదిలేస్తాం. నాకు అదే ముఖ్యం. ఎక్కా ప్రశంసాపత్రం చివర, ఆయన చేసిన పని వల్ల కంపెనీలో మరిన్ని ప్రాణాలు పోకుండా ఆగాయని, దాడి గెలిచిందని ఉంది. ఆ వాక్యాన్ని చాలామంది చదివి దాటేస్తారు. మీరు అక్కడ ఆగండి. ఆ రెండో అంతస్తు గన్‌కు ఎదురుగా, నేలకు కరుచుకుని ఉన్నవాళ్లు తర్వాత ఇళ్లకు వెళ్లారు. పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని ఎత్తుకున్నారు, పింఛను తీసుకున్నారు. వాళ్లలో ఎవరి మనవడో ఇప్పుడు ఎక్కడో తొమ్మిదో తరగతి చదువుతూ ఉంటాడు. ఇది నేను కల్పించే కథ కాదు, బతికినవాళ్లకు జరిగేది ఇదే. పేర్లు తెలియనప్పుడు పేర్లు పెట్టకండి. "ఆయన వెనక ఉన్నవాళ్లు" అంటే చాలు.

చెప్పకూడనివి

చివరి మాటలు కల్పించకండి. సోమనాథ్ శర్మ మాటలు మనకు తెలుసు, ఎందుకంటే అవి వైర్‌లెస్‌లో వెళ్లాయి. ఎక్కా చివరగా ఏమన్నాడో పత్రంలో లేదు. "జై హింద్ అంటూ ఒరిగిపోయాడు" అని రాయాలని చేయి లాగుతుంది. రాయకండి.

అవతలివాళ్లను రాక్షసులుగా చూపించకండి. గోడ ఎక్కి వెళ్లేసరికి లోపలున్నవాడు గ్రెనేడ్ పేలిన తర్వాత కూడా గన్ వదల్లేదు. వాడు పిరికివాడైతే ఎక్కా అంత కష్టపడాల్సిన పనేముంది? 1999లో టైగర్ హిల్ దగ్గర మరణించిన పాకిస్తాన్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (ఇక్కడ కర్నల్ అన్నది పేరే, హోదా కాదు) ధైర్యాన్ని గురించి మన బ్రిగేడియర్ ఎం.పి.ఎస్. బాజ్వా ఒక చీటీ రాసి, ఆ దేహంతోనే పంపించారు. షేర్ ఖాన్‌కు వాళ్ల దేశపు అత్యున్నత సైనిక పురస్కారం నిషాన్-ఎ-హైదర్ వచ్చింది. ఎదుటివాడితో కలబడిన సైనికుడే అలా రాయగలిగినప్పుడు, మైకు ముందు నిలబడిన మనకు తిట్లు ఎందుకు?

ఆ సైనికుడి ఇంటివాళ్లు సభకు వస్తే గాయాల వివరాలు తగ్గించండి. మీరు చదవబోయేది ముందు రోజే వాళ్లకు చూపించి, ఏది తీసేయమంటే అది తీసేయండి. వేదిక మీదికి రమ్మని బలవంతం చేయవద్దు. ఒక తల్లి మా సభలో చివరి వరుసలో, స్తంభం చాటున కూర్చుంది. ఆమెను అక్కడే ఉండనిచ్చాం. శాలువా కూడా అక్కడికే తీసుకెళ్లి ఒడిలో పెట్టాం.

వరుస ఎలా ఉండాలి

మా కారెంపూడిలో ప్రతి కార్తీకంలో వీరుల ఆరాధన జరుగుతుంది. పల్నాటి యుద్ధంలో పోయినవాళ్ల ఆయుధాలను, కొణతాలంటారు, ఈనాటికీ పూజిస్తారు. ఊళ్ల పొలిమేరల్లో వీరగల్లులు చూసే ఉంటారు. ఆవుల మందను కాపాడబోయి, ఊరిని కాపాడబోయి చనిపోయినవాళ్ల రాళ్లు. చాలావాటిలో మూడు అరలుంటాయి. కింది అరలో పోరు, నడిమి అరలో అప్సరసలు వీరుణ్ని పైకి తీసుకెళ్లడం, పై అరలో కైలాసం. రాయి నేలలో నిలబడేది కింది అర మీదే. అక్కడ కత్తి ఏ చేతిలో ఉందో, ఎదుటివాళ్లు ఎందరో, ఆవులు ఎటు ఉన్నాయో చెక్కి ఉంటుంది.

నా మొదటి ఉపన్యాసం అంతా పై అరే. ఇప్పుడు పదిలో ఏడు నిమిషాలు కింది అరకు ఇస్తాను. ఒక నిమిషం ఊరికీ పుట్టుకకూ, ఒకటి వెనక ఉన్నవాళ్లకు. చివరి నిమిషం గౌరవానికి: ఏ పతకం, ఎప్పుడు ఇచ్చారు, పేరు ఎక్కడ నిలిచింది. ఎక్కా పేరు రాంచీలో ఒక కూడలికి ఉంది. 2023 జనవరి 23న అండమాన్‌లో పేరులేని 21 దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టినప్పుడు, ఒకటి ఆయనది. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో, త్యాగ చక్రమనే వలయపు గోడల మీద గ్రానైట్ ఇటుకకు ఒక పేరు చొప్పున, పాతికవేలకు పైగా పేర్లు చెక్కారు. విహారయాత్రకు ఢిల్లీ వెళ్లే పిల్లలకు, మీరు చెప్పిన సైనికుడి పేరు ఆ గోడల మీద వెతికే పని అప్పగించండి.

చదివేది మీరు కాకుండా ఒక విద్యార్థి అయితే మంచిది. బాగా కేకలు వేయగలిగినవాణ్ని కాదు, నెమ్మదిగా చదవగలిగిన పిల్లనో పిల్లవాడినో ఎంచుకోండి. వెనక సంగీతం పెట్టకండి. "గన్ మాత్రం ఆగలేదు" లాంటి వాక్యం తర్వాత మూడు అంకెలు మనసులో లెక్కపెట్టుకోమనండి. నినాదాలు ముందుగానే అయిపోవాలి. ఉపన్యాసం చివర పేరు, హోదా, బెటాలియన్, ఊరు, తేదీ చెప్పి కూర్చోవాలి. ఇలాగే: "లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా, 14 గార్డ్స్, గంగాసాగర్, 1971 డిసెంబరు 3."

అయ్యాక కాగితాలు పారేయకండి. ప్రశంసాపత్రం నకలు, మీ తెలుగు అనువాదం, సున్నపు బొమ్మ ఫోటో ఒక ఫైలులో పెట్టి బడిలోనే ఉంచండి. వినేవాళ్లలో మాజీ సైనికులు ఉంటే ఎక్కడ తప్పు చెప్పారో అడిగి, అంచున ఎర్రసిరాతో రాసుకోండి. మా ఫైలులో మొదటి పేజీ అంచున సుబేదార్ గారి చేతిరాతలోనే మూడు ప్రశ్నలు ఉన్నాయి. నా తర్వాత వచ్చిన సోషల్ టీచర్‌కు దాన్ని ఇచ్చేటప్పుడు ఆ పేజీ తెరిచే ఇచ్చాను.